శివారు లెక్క

గాలిలో బొగ్గుపులుసు వాయువు ఎంత అని అడిగితే మా తరం పిల్లలు తడుముకోకుండా 0.03 శాతం అనేవాళ్లు. నత్రజని 78, ప్రాణవాయువు 21, మిగతావన్నీ కలిపి ఒకటి, ఆ ఒకటిలో ఎక్కడో ఈ 0.03. కృష్ణ డెల్టా కొసన ఉన్న దివిసీమలో హైస్కూలు చదువుతూ నేను నేర్చుకున్నది అదే. తర్వాత నాగాయలంక వైపూ గుడివాడ చుట్టుపక్కలా జిల్లా పరిషత్ పాఠశాలల్లో భౌతికశాస్త్రం చెబుతూ పిల్లల చేత చెప్పించిందీ అదే. నా ఉద్యోగం చివరికొచ్చేసరికి ఆ అంకె 0.04 అయింది. కాంతి వేగం మారలేదు, నీళ్లు మరిగే వేడి మారలేదు. ఒక్క మాస్టారి ఉద్యోగకాలంలో ప్రకృతికి సంబంధించిన అంకె ఒకటి మారిపోవడం మాత్రం నన్ను చాలా కాలం వదలని విషయం.

హవాయి దీవుల్లో మౌనా లోవా అనే కొండ మీద 1958లో ఈ వాయువుని వరసగా కొలవడం మొదలుపెట్టారు. అప్పుడు గాలిలోని పది లక్షల పాళ్లలో అది 315 పాళ్లు. ఇప్పుడు 420 దాటింది. ఇలా చెబితే పిల్లలకి ఎక్కదు. మా దివిలో ఎవరి వయసు చెప్పాలన్నా 1977 ఉప్పెనకు ముందు పుట్టాడా తర్వాత పుట్టాడా అనే అడుగుతారు కాబట్టి నేనూ ఆ లెక్కే పట్టుకున్నాను. “మీ అమ్మమ్మ తాటిచెట్టు పట్టుకుని ప్రాణాలు దక్కించుకున్న ఏడు అది 334. మీ అమ్మ పెళ్లి నాటికి 370. ఈవేళ మీరు పీలుస్తున్న గాలిలో 420 పైన.” అప్పుడు తలెత్తి వినేవాళ్లు.

తెలివైన పిల్ల ఒకతె అడగవలసిన ప్రశ్న అడిగింది. “పదివేలల్లో నాలుగు పాళ్లే కదా మాస్టారూ, అది ఏం చేయగలదు?”

చేసేదంతా అదే. పగలు ఎండకి కాగిన నేల ఆ వేడిని కంటికి కనపడని కిరణాలుగా పైకి వదులుతుంది. గాలిలో నూటికి 99 పాళ్లున్న నత్రజని, ప్రాణవాయువు ఆ కిరణాలకు అడ్డురావు. వాటిని పట్టుకుని కొంత మళ్లీ కిందికి పంపేవి నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు, మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ లాంటి కొద్దిపాటి వాయువులే. అవి బొత్తిగా లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత సున్నాకి 18 డిగ్రీలు కింద ఉండేది. ఉన్నాయి కాబట్టి 15 డిగ్రీల దగ్గర ఉంది. 33 డిగ్రీల తేడా తెచ్చేవాటిని కొద్దిపాటి అని వదిలెయ్యలేం. ఫ్యాక్టరీలు రాకముందు బొగ్గుపులుసు వాయువు 280 పాళ్లు. దక్షిణ ధ్రువ ఖండం మంచులో చిక్కుకున్న పాత గాలి బుడగల్ని పరీక్షించి చూస్తే 8 లక్షల ఏళ్లలో ఒక్కసారి కూడా అది ఇప్పటి మట్టానికి దరిదాపుల్లోకి రాలేదు. మనం దాన్ని నూటయాభై ఏళ్లలో సగం మేర పెంచేశాం.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ సంగతి ఎత్తగానే మా వైపు జనం 1977 ఉప్పెన గుర్తు చేసుకుంటారు. వాతావరణం పాడవడం వల్లే అదొచ్చిందని ఈమధ్య కొందరు ఉపన్యాసాల్లో కూడా చెబుతున్నారు. అది సరైన మాట కాదు. 1977 నవంబరు 19, శనివారం, సముద్రం కొన్నిచోట్ల ఐదారు మీటర్ల ఎత్తున లేచి సొర్లగొంది, పాలకాయతిప్ప మీదుగా లోపలికి వచ్చింది. సర్కారు లెక్కలోనే పోయినవాళ్లు సుమారు పదివేల మంది. అసలు లెక్క అంతకు ఎక్కువే అని ఊళ్లలో అందరికీ తెలుసు. మా చుట్టాల్లో రెండు కొంపలు దీపం పెట్టే దిక్కు లేకుండా పోయాయి. దానికి నూటపదమూడేళ్ల ముందు, 1864 నవంబరు 1న, బందరు మీద పడ్డ ఉప్పెన సుమారు 30 వేల మందిని మింగింది. అప్పటికి మోటారు కారు పుట్టనేలేదు. తీరం దగ్గర లోతు తక్కువ, నేల పల్లం, పైన బంగాళాఖాతం. ఇక్కడ ఉప్పెనలు రావడానికి అవి చాలు. చచ్చిపోయినవాళ్లని మన వాదనకు సాక్ష్యంగా నిలబెట్టేటప్పుడు నిజమే చెప్పాలి.

మారింది మరొకటి. ఉప్పెన ఏ మట్టం నుంచి లేస్తుందో ఆ మట్టం మారింది. 1901కీ 2018కీ మధ్య ప్రపంచ సముద్రాల సగటు మట్టం 20 సెంటీమీటర్లు పెరిగింది. జానెడు కన్నా కొంచెం తక్కువ. తిరుపతిలో ఉండేవాడికి ఆ జానెడు కనపడదు. మా నేల సముద్రానికి ఒకటి రెండు మీటర్ల ఎత్తు. పోటు రోజుల్లో పాయ నీళ్లు మురుగు కాలువలోకి ఎదురెక్కి రావడం హంసలదీవి వైపు వెళ్లి చూసినవాళ్లకి ఆ జానెడు విలువ తెలుస్తుంది. మురుగు దిగాలంటే సముద్రం కిందుండాలి. సముద్రం జానెడు పైకొస్తే వరదనీరు చేలల్లో అన్ని రోజులు ఎక్కువ నిలుస్తుంది.

అయితే ఇందులోనూ తప్పంతా గాలిదే కాదు. డెల్టా అంటే నది తెచ్చి పోసిన ఒండ్రు. ఆ ఒండ్రు తన బరువుకి తానే కొద్దికొద్దిగా కుంగుతూ ఉంటుంది. ఏటేటా కొత్త ఒండ్రు పడితేనే నేల ఎత్తు నిలుస్తుంది. 1967లో నాగార్జునసాగర్, ఆ తర్వాత శ్రీశైలం, వాటి పైన కర్ణాటకలో, మహారాష్ట్రలో కట్టిన ఆనకట్టలు. కృష్ణ మోసుకొచ్చే మట్టి వాటిలోనే ఆగిపోయింది. ప్రపంచంలోని డెల్టాల మీద 2009లో వచ్చిన ఒక అధ్యయనం కృష్ణ డెల్టాకి చేరే ఒండ్రు తొంభై శాతం పైగా తగ్గిపోయిందని లెక్కగట్టింది. సముద్రం లేస్తోంది, నేల కుంగుతోంది. ఒకటి ప్రపంచమంతా చేసిన పని, రెండోది మనం తిండి కోసం, కరెంటు కోసం చేసుకున్న పని. దేని వాటా దానికి వెయ్యాలి.

వానల సంగతీ అంతే. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అందులో పట్టే ఆవిరి ఏడు శాతం పెరుగుతుంది. అదంతా ఎప్పుడో ఒకప్పుడు కురవాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా చేలల్లో కోసిన పనలు నీళ్లలో తేలాయి, కళ్లాల్లో ధాన్యం మొలకెత్తింది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. 1957లో బ్యారేజీ కట్టాక అంత వరద ఎప్పుడూ లేదు. అదే వారం బుడమేరు బెజవాడ పేటల్ని ముంచి, నందివాడ మండలం ఊళ్ల మీదుగా కొల్లేరు దారి పట్టింది. ఒక్కో తుపానునీ ఒక్కో వరదనీ పట్టుకుని ఇది ఫలానా పొగ వల్ల వచ్చిందని వేలు పెట్టి చూపలేం. ఆవిరి ఎక్కువున్న గాలి నుంచి పెద్ద వానలు ఎక్కువ పడతాయన్నది మాత్రం చూపగలం.

నాకు ఈ విషయమంతా ఒక కొలిక్కి వచ్చింది పుస్తకాల వల్ల కాదు, కాలువ వల్ల.

మా ఊరు కాలువకి శివారు. బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్లు తూర్పు డెల్టాలో ఏలూరు కాలువగా, రైవస్ కాలువగా, బందరు కాలువగా, కె.ఇ.బి. కాలువగా చీలతాయి. దివిసీమకి వచ్చే నీళ్లు పులిగడ్డ అక్విడక్టు మీదుగా పాయ దాటి, అక్కడ నుంచి పంట కాలువలు, పిల్ల కాలువలు, బోదెలు తిరిగి, అందరూ తాగగా మిగిలితే మా తూము దగ్గరికి వస్తాయి. ఎక్కడో పైన ఒక ఊరివాళ్లు కాలువకి అడ్డుకట్ట వేసి మట్టం ఎత్తుకుంటారు. వాళ్లు చెడ్డవాళ్లేం కాదు. వాళ్ల నారుమడి వాళ్లకి ముఖ్యం. మా చేలు మాత్రం నెర్రెలిస్తాయి. వానాకాలం కథ తిరగబడుతుంది. పైవాళ్లందరూ గట్లు తెగ్గొట్టి తమ చేలల్లో నీళ్లు మురుగు కాలువలోకి వదిలితే అవన్నీ వచ్చి పడేది మా మీదే. కావాలన్నప్పుడు రావు, వద్దన్నప్పుడు అన్నీ వస్తాయి. శివారు బతుకంటే అది.

మా కాలువ మీద చాలా ఏళ్లు పనిచేసిన లస్కరు ఒకాయన ఉండేవాడు. రాత్రిళ్లు లాంతరు పట్టుకుని గట్టు మీద తిరిగేవాడు. పైవాళ్లని ఎందుకు గట్టిగా అడగవని మేం ఆయన మీద పడితే ఒక మాట అన్నాడు. “పైన తూము ఎత్తినోడికి కింద ఎండిన చేను కనపడదు మాస్టారూ. కనపడితే ఎవరూ అన్ని నీళ్లు పెట్టరు.”

గాలి గురించి అంతకన్నా సూటిగా ఇంతవరకు నేనెక్కడా చదవలేదు. ఎవరి చిమ్నీలోంచి వచ్చిన బొగ్గుపులుసు వాయువైనా ఏడాది రెండేళ్లలో భూమి చుట్టూ కలిసిపోతుంది. అమెరికాలో ఒక మనిషి వాటాకి ఏడాదికి సుమారు 14 టన్నులు, మన దేశంలో సుమారు రెండు టన్నులు. మన రెండు టన్నుల్లోనూ దివిసీమలో పాయ మీద వల వేసేవాడిదీ హైదరాబాదులో రెండు కార్లున్నవాడిదీ ఒకటి కాదు. తూములు ఎత్తినవాళ్లు ఎక్కడో ఉన్నారు. వాళ్లకి మా చేను కనపడదు. గాలి విషయంలో కూడా మేం శివారు ఆయకట్టుదారులమే.

కానీ ఆ పోలిక అక్కడితో ఆపితే నాకు సరిపడలేదు. కాలువకి ఆఖరి చేను అనేది ఒకటుంటుంది. దాని తర్వాత సముద్రమే, ఇంకెవరూ ఉండరు. గాలికి ఆఖరి చేను లేదు. మా దగ్గర నుంచి పైకి పోయింది కూడా ఎవరి మీదో పడుతుంది. మాకన్నా పల్లంలో దీవుల్లో ఉండేవాళ్లున్నారు, ఇంకా పుట్టని మా మనవలున్నారు. వాళ్లకి మేం పైవాళ్లం. ఈ రెండో సగం ఒప్పుకున్నాకే నేను నా చేను గట్టు మీద నిలబడి మా లెక్క రాయడం మొదలుపెట్టాను.

మొదట వరి. డెల్టాలో గాలికి మనం కలిపేది పొగ మాత్రమే అనుకుంటాం. ఆగస్టులో, నాటు వేసి నెలన్నర అయిన చేలో దిగి అడుగు వెయ్యండి. పాదం రేగడిలో దిగబడగానే పక్క నుంచి బుడగలు గుంపుగా పైకొస్తాయి, ఒక రకమైన మురుగు వాసనతో. అందులో చాలా భాగం మీథేన్. చేలో నీళ్లు నిలవగానే మట్టిలోకి ప్రాణవాయువు దిగడం ఆగిపోతుంది. ప్రాణవాయువు అక్కర్లేని సూక్ష్మజీవులు పాత వేళ్లనీ, దుబ్బుల్నీ, పశువుల ఎరువునీ కుళ్లబెట్టి ఆ వాయువుని తయారుచేస్తాయి. బుడగల ద్వారా పోయేది కొంతే. ఎక్కువ భాగం వరి మొక్క వేళ్లలోంచి కాండంలోని గాలి గొట్టాల గుండా ఆకుల దగ్గర బయటపడుతుంది. వేళ్లకి ప్రాణవాయువు అందించడానికి వరి ఏర్పాటు చేసుకున్న దారే అది. ఆ దారిలోనే ఇది పైకి ఎక్కుతుంది. ఇరవై ఏళ్ల లెక్కలో చూస్తే మీథేన్ వేడిని పట్టే శక్తి బొగ్గుపులుసు వాయువుకి సుమారు ఎనభై రెట్లు. గాలిలో అది నిలిచేది సగటున పన్నెండేళ్లే. అంటే దీన్ని తగ్గిస్తే ఫలితం తగ్గించినవాళ్ల కళ్ల ముందే కనపడుతుంది. బొగ్గుపులుసు వాయువు విషయంలో ఆ భాగ్యం లేదు.

అన్నం తినేవాళ్లం కాబట్టి ఈ లెక్కలో మనకి జరిగిన ఒక అన్యాయం కూడా చెప్పుకోవాలి. 1990 ప్రాంతంలో అమెరికాలో వేసిన అంచనా ప్రకారం భారతదేశం వరిచేలు ఏటా దాదాపు 3.8 కోట్ల టన్నుల మీథేన్ వదులుతున్నాయన్నారు. యూరప్, అమెరికా చేలల్లో కొలిచినదాన్ని తీసుకొచ్చి మన విస్తీర్ణంతో హెచ్చవేశారు. 1991లో ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల నుంచి ఏ.పీ. మిత్ర నాయకత్వంలో శాస్త్రవేత్తలు దేశంలో చాలాచోట్ల చేలల్లో పెట్టెలు బోర్లించి స్వయంగా కొలిచారు. తేలింది సుమారు 40 లక్షల టన్నులు. చెప్పినదాంట్లో దాదాపు పదో వంతు. అదే ఏడు అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ ఒక చిన్న పుస్తకం రాసి, బతకడానికి పండించే వరి మీథేన్‌నీ సుఖానికి నడిపే కారు పొగనీ ఒక తక్కెడలో వేయడం ఏం న్యాయమని ప్రపంచాన్ని నిలదీశారు. నాకు వాళ్లిద్దరి మీదా మిత్ర గారి మీదా ఎంతో గౌరవం. చేలోకి దిగి కొలిచినవాళ్లకే చేను తరఫున మాట్లాడే హక్కుంది.

కానీ కొలత తగ్గిందంటే సున్నా అయిందని కాదు. ప్రపంచం మొత్తం మీద మనుషుల వల్ల వచ్చే మీథేన్‌లో వరిది ఎనిమిది నుంచి పది శాతం దాకా ఉంటుంది. తగ్గించే దారీ ఉంది. చేను ఎప్పుడూ నిండా ఉంచకుండా తడి ఆరాక మళ్లీ తడి ఇవ్వడం. రంధ్రాలు కొట్టిన గొట్టం ఒకటి చేలో పాతి, నీటిమట్టం నేలకి 15 సెంటీమీటర్లు కిందికి దిగాక నీళ్లు పెడతారు. పొట్ట, పూత దశలో మాత్రం నీరు నిలిపే ఉంచాలి. ఇలా చేస్తే మీథేన్ మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది, దిగుబడి తగ్గదు, నీళ్లు మిగులుతాయి. ఆరిన మట్టిలో యూరియా నుంచి నైట్రస్ ఆక్సైడ్ కాస్త పెరుగుతుంది. అది తీసేసి చూసినా లాభమే.

ఈ పద్ధతిని గుడివాడ దగ్గర ఒక రైతుకి చెబితే శ్రద్ధగా విన్నాడు. దివిలో మా పక్క చేను ఆయనకి చెబితే తల అడ్డంగా ఊపాడు. “ఇవాళ నీళ్లు తీసేస్తాను మాస్టారూ. మళ్లీ పెట్టాలనుకున్న రోజు కాలువలో ఉంటాయా?” ఆయన మాటలో తప్పేమీ లేదు. శివారు రైతు చేలో నీళ్లు నిలిపేది అవసరానికి కాదు, భయానికి. వచ్చినప్పుడు పట్టుకోకపోతే మళ్లీ ఎప్పుడో తెలియదు కాబట్టి గట్లు ఎత్తుచేసి నిండా నింపుకుంటాడు. దానికి తోడు మా నేల అడుగున ఉప్పు ఉంది. పైన మంచినీళ్లు నిలిచినంత కాలం అది కిందే ఉంటుంది. చేను ఆరితే ఉప్పు పైకెక్కుతుంది, ఆకు కొసలు ఎర్రబారతాయి. గుడివాడ మెరక చేలకు పనికొచ్చిన మాట కోడూరు చౌడు చేలకు అలాగే పనికిరాదు. ఢిల్లీలోనో అమరావతిలోనో కూర్చుని డెల్టా మొత్తానికి ఒకే సలహా అచ్చు వేసేవాళ్లు ఈ తేడా చూడాలి. మా మీథేన్‌లో కొంత భాగం వరిది కాదు, కాలువ మీద నమ్మకం లేకపోవడానిది.

రెండోది గడ్డి. నా చిన్నప్పుడు కోతకి రెండు మూడు రోజుల ముందు, చేలో ఇంకా పదునుండగానే, మినుములు చల్లేవాళ్లు. మనుషులు కొడవళ్లతో కోసి పనలు వేసేవాళ్లు. పనలు ఎత్తేసరికి కింద మినుము మొలక నిలబడి ఉండేది. గడ్డి మొత్తం వామికి పోయేది, వామి పశువులకి. ఇప్పుడు కూలీలు దొరకరు, దొరికినా కూలి గిట్టదు. కోత మిషను వచ్చి గంటలో ఎకరం కోసి, ధాన్యం ట్రక్కులో పోసి, గడ్డిని చేలోనే చిందరవందరగా వదిలిపోతుంది. పాడి పశువులూ తగ్గాయి. మినుము పదును దాటిపోతోందని రైతు అగ్గిపుల్ల గీస్తాడు. డిసెంబరు సాయంత్రం బందరు రోడ్డు మీద పామర్రు దాటి వస్తుంటే రెండు పక్కలా ఎర్రగా కనిపించే ఆ వరసలు అవే. శీతాకాలం చల్లగాలి నేలని అంటిపెట్టుకుని ఉంటుంది, పొగ పైకి పోదు. తెల్లారేసరికి మంచూ పొగా కలిసి ఎదురొచ్చే లారీ కనపడదు. ఉబ్బసం ఉన్న ముసలివాళ్లు ఆ నెల రోజులూ తలుపులు వేసుకుని కూర్చుంటారు.

ఎకరానికి గడ్డి రెండు టన్నుల పైనే ఉంటుంది. టన్ను కాలిస్తే దాదాపు టన్నున్నర బొగ్గుపులుసు వాయువు, 60 కిలోల కార్బన్ మోనాక్సైడ్, మూడు కిలోల మసి, నుసి. మట్టికి తిరిగి చేరాల్సిన ఐదారు కిలోల నత్రజని కూడా పోతుంది, దాని బదులు మళ్లీ యూరియా కొంటాం. ఇక్కడ మాత్రం ఒక తేడా చూపాలి. ఆ టన్నున్నర బొగ్గుపులుసు వాయువు వరి ఐదు నెలల్లో గాలిలోంచి తీసుకున్నదే. వచ్చే సార్వాకి మళ్లీ తీసుకుంటుంది. గాలి ఖాతాలో అది చేబదులు. ఊపిరితిత్తుల్లోకి పోయే మసికీ పొగకీ మాత్రం ఆ మినహాయింపు లేదు. గడ్డి కాల్చొద్దనేది ముందుగా మన ఊరి పిల్లల కోసం, మన మట్టి కోసం. ఆకాశం లెక్క దాని తర్వాత. ఆ పొగ మన దగ్గరే ఆగదని కూడా తెలుసు. 1999లో వీరభద్రన్ రామనాథన్, పాల్ క్రుట్జెన్ ముందుండి నడిపిన ఇండోఎక్స్ పరిశోధనలో దక్షిణాసియా పొగ చలికాలంలో హిందూ మహాసముద్రం మీద వేల కిలోమీటర్లు పరుచుకుని ఉండడం కనిపెట్టారు.

గడ్డికీ బొగ్గుకీ ఉన్న తేడా చూడాలంటే ఇబ్రహీంపట్నం వెళ్లాలి. పట్టిసీమ దగ్గర మోటార్లతో ఎత్తిపోసిన గోదావరి పోలవరం కుడి కాలువలో ప్రయాణం చేసి కృష్ణలో కలిసేది అక్కడ. 2015 నుంచి జూన్, జూలైలో డెల్టా నారుమళ్లకి ఆ నీళ్లే చాలాసార్లు ఆధారం. ఆ సంగమానికి దగ్గర్లోనే నార్ల తాతారావు థర్మల్ కేంద్రం. 1979లో మొదటి యూనిట్, ఇప్పుడు మొత్తం సుమారు 2,500 మెగావాట్లు. మన నీళ్లు ఎత్తడానికి కరెంటు కావాలి, కరెంటుకి బొగ్గు కావాలి. సింగరేణి బొగ్గు పాతిక కోట్ల ఏళ్ల కిందటి అడవి. గడ్డిది ఐదు నెలల బాకీ అయితే ఇది పాతిక కోట్ల ఏళ్లు నేలలో పూడ్చిపెట్టినది ఒక్కరోజులో గాలిలో పోయడం. దాన్ని వెనక్కి తీసుకునే పంట ఏదీ లేదు.

ఆ కరెంటు ఎక్కడికి పోతోందని మా దివిలో వెతకాలంటే రాత్రి పది తర్వాత ఏ రొయ్యల చెరువు గట్టు మీదికి వెళ్లినా చాలు. చీకటి పడ్డాక నీటిలోని నాచు ప్రాణవాయువు ఇవ్వడం ఆపేస్తుంది, పైగా తానూ వాడుకుంటుంది. తెల్లవారుజామున రొయ్య పైకి తేలిందంటే పంట పోయినట్టే. అందుకని రాత్రంతా ఏరియేటర్లు తిరుగుతాయి. రెండు హార్స్‌పవర్ ఏరియేటర్ ఒకటి పది గంటలు తిరిగితే 15 యూనిట్లు. బొగ్గు కరెంటు అయితే సుమారు పది కిలోల బొగ్గు, 14 కిలోల బొగ్గుపులుసు వాయువు. ఒక్క ఏరియేటర్, ఒక్క రాత్రి. ఆ గట్టు మీద నిలబడి చెవులు రిక్కిస్తే నాలుగు దిక్కులా అదే చప్పుడు వినపడుతుంది. ఆ రైతుని నేను తప్పుపట్టను. వరి గిట్టక, నీళ్లు అందక, నేల ఉప్పుదేరి చెరువు తవ్వుకున్నవాడు అతను. ఆ చెరువు ఉప్పునీళ్లు ఊరి పక్క వరి చేలోకి ఊటదిగి ఇంకొకణ్ని చెరువు తవ్వేలా చేస్తాయి. గాలి కథా నీటి కథా వేరువేరని నాకిప్పుడు అనిపించడం లేదు. శివారుకి నీళ్లు సరిగ్గా వచ్చి ఉంటే ఆ చెరువుల్లో కొన్నయినా ఈనాటికీ వరిచేలుగానే ఉండేవి, ఆ ఏరియేటర్లు తిరిగేవి కావు.

అందుకే ఈమధ్య నీటి సంఘం కూర్చున్నప్పుడల్లా నేను వేరే పెద్ద కోరికలేవీ పెట్టడం లేదు. జూన్‌లో కాలువ వదిలే ముందు, మా శివారు తూముకి ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా నీళ్లు వస్తాయో, మధ్యలో ఎన్ని రోజులు ఆపుతారో ఒక కాగితం మీద రాసి తూము గోడకి అతికించమంటున్నాను. ఆ తేదీలు నిలబెట్టమంటున్నాను. పక్క చేను ఆయన ఒక మెట్టు దిగాడు. రెండు తడవల నీళ్లు చెప్పిన తేదీకి వస్తే, ఉప్పు తక్కువున్న పై చెక్కలో అరెకరం ఆరబెట్టి చూస్తానన్నాడు. మిషను కోత తర్వాత గడ్డిని కట్టలు కట్టే మిషను ఒకదాన్ని నాలుగు ఊళ్లకి కలిపి మాట్లాడమని కూడా ఆయనే అన్నాడు, కిరాయి అందరం వేసుకుందామని. అడుగు పొడవు ప్లాస్టిక్ గొట్టాలు కోయించి, రంధ్రాలు కొట్టించి మా వసారాలో పెట్టాను. ఇంక కాలువ వాళ్ల కాగితం రావాలి.